క్షేమంగా ఒడ్డు చేరిన పడవ

నా చిన్నతనంలో మా ఫుప్పు కూతురి నికాహ్ గోదావరి లంకలో జరిగింది. మేమంతా రేవుకు చేరేసరికి పొద్దు గూకింది. మగ్రిబ్ నమాజు గట్టు మీదే చేసుకున్నాం. ఆఖరి పడవ అది. అప్పటికే పాతిక మంది దాకా ఎక్కి కూర్చున్నారు. సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, రెండు మేకపోతులు కూడా ఎక్కాయి. అబ్బా ఒక కాలు పడవలో పెట్టి, గెడ పట్టుకుని నిలబడ్డ పడవవాడితో రెండు మాటలు మాట్లాడారు. వెంటనే పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నారు.

"మేం పొద్దున వస్తాంలే" అన్నారు.

పడవవాడి దగ్గర సారా వాసన గుప్పుమంటోంది. మాట ముద్దముద్దగా వస్తోంది. అమ్మీ బతిమాలింది, "ఎంతమంది ఎక్కలేదూ, మనకొక్కళ్లకేనా?" అంది. అబ్బా వినలేదు. పడవలోని వాళ్లతో కూడా "దిగండి, ఇతను తాగి ఉన్నాడు" అని గట్టిగానే చెప్పారు. ఒక ముసలాయన మాత్రం దిగాడు. మిగతావాళ్లు నవ్వారు. పడవ వెళ్లిపోయింది. మేం రేవులోని పాక అరుగు మీద దోమల మధ్య ఆ రాత్రి గడిపాం.

తెల్లారి లంకకు చేరితే ఏముంది? నికాహ్ రాత్రే అయిపోయింది. పడవ ఏ ఆపదా లేకుండా అరగంటలో అవతలి ఒడ్డు చేరిందట. వలీమా భోజనాల దగ్గర మా ఫుప్పా అందరి ముందూ అన్నారు: "భాయ్‌సాబ్! పడవ క్షేమంగానే వచ్చింది కదా! మీరు ఊరికే భయపడి సొంత మేనకోడలి నికాహ్ పోగొట్టుకున్నారు." అందరూ నవ్వారు. అబ్బా ఏమీ మాట్లాడకుండా అన్నం తిన్నారు.

అప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పడవ క్షేమంగా చేరింది గనుక పడవవాడు తప్పు చేయనట్లేనా? అబ్బా భయం తప్పని తేలినట్లేనా? ఒకవేళ ఆ రాత్రే పడవ మునిగి ఉంటే అందరూ అబ్బాను దూరదృష్టి గల మనిషి అని మెచ్చుకునేవారు, పడవవాణ్ణి హంతకుడు అనేవారు. కానీ రెండు సందర్భాల్లోనూ పడవవాడు తాగింది ఒకే సారా, పట్టుకున్నది ఒకే గెడ. మధ్యలో తేడా తెచ్చింది ఒక సుడిగుండమో, ఒక గాలి విసురో. అవి అతని చేతిలో లేవు. తన చేతిలో లేనిదాన్ని బట్టి ఒక మనిషి మంచివాడో చెడ్డవాడో కాగలడా?

ప్రియ పాఠకులారా! ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే ప్రశ్న కాదు. చట్టాలు కూడా దీని దగ్గరే తడబడ్డాయి. మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రాన్ని చూడండి. అక్కడ సరస్సుల్లో మర పడవలు అద్దెకిస్తారు. సెలవు రోజుల్లో స్నేహితులు కలిసి వెళ్లడం మామూలు. తాగి పడవ నడపడం అక్కడ నేరం. ప్రమాదం జరగకపోయినా నేరమే. మొదటిసారి దొరికితే 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. కనీసం 72 గంటలు జైల్లో ఉండాలని చట్టమే చెబుతుంది. కారు నడిపే లైసెన్సు కూడా పోవచ్చు. నీటి మీద తిరిగే గేమ్ వార్డెన్‌లు భద్రతా తనిఖీ పేరుతో ఏ పడవనైనా ఆపగలరు. రక్తంలో మద్యం 0.08 శాతం ఉంటే నేరం రుజువైనట్లే. అంతకన్నా తక్కువున్నా, మనిషి బుద్ధిగానీ శరీరంగానీ మామూలుగా పనిచేయడం లేదని రుజువు చేస్తే చాలు. ఇతర దేశాల నుంచి వెళ్లినవాళ్లకు మరో చిక్కు ఉంది. ఒకసారి అరెస్టయితే, ఆ తర్వాత నింపే ప్రతి వీసా కాగితంలోనూ, గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ ఆ సంగతి రాయవలసి వస్తుంది.

ఇక అదే మనిషి, అదే మత్తులో, అదే పడవ నడిపి ఒకరి ప్రాణం తీశాడనుకోండి. అప్పుడు శిక్ష 2 నుంచి 20 ఏళ్ల జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా. అతనికి చంపాలనే ఉద్దేశం లేకపోయినా సరే. 180 రోజులెక్కడ, 20 ఏళ్లెక్కడ? మనిషి చేసిన పని ఒక్కటే. మా ఫుప్పా వలీమాలో నవ్వుతూ అన్నమాటే ఆ చట్టం కూడా కొంచెం గంభీరంగా అంటోందన్నమాట.

మన దేశంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 282వ సెక్షన్ ఉంది. ఇతరుల ప్రాణానికి అపాయం కలిగేలా దుడుకుగా, నిర్లక్ష్యంగా పడవ నడిపితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. "తాగి ఉన్నాను, ఒళ్లు తెలియలేదు" అంటే చట్టం వింటుందా? ఆ సంహితలోనే 23వ సెక్షన్ దీనికి జవాబు చెప్పింది. తనకు తెలియకుండా ఎవరైనా మత్తు ఇచ్చినా, బలవంతాన తాగించినా ఆ సాకు చెల్లుతుంది. తన చేత్తో తాను గ్లాసు ఎత్తినవాడికి చెల్లదు. పాత శిక్షాస్మృతిలో కూడా 85వ సెక్షన్‌గా ఇదే మాట ఉండేది.

ఇక్కడ ధర్మం గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. ఎవరి కర్మలు నమోదు కావో దైవప్రవక్త (సఅసం) చెప్పిన హదీసు అబూదావూద్‌లో ఉంది. నిద్రపోయేవాడు మేల్కొనేదాకా, పసివాడు పెద్దయ్యేదాకా, పిచ్చివాడికి బుద్ధి తిరిగొచ్చేదాకా వారి మీద కలం నడవదు. ఈ ముగ్గురిలో తాగినవాడు లేడు. బుద్ధి పనిచేయకపోవడంలో పిచ్చివాడికీ, మత్తులో ఉన్నవాడికీ పెద్ద తేడా కనిపించదు. ఆ మాటకొస్తే మత్తులో ఉన్నవాడే ఎక్కువ ప్రమాదకారి. అయినా కలం అతని మీద ఎందుకు ఆగదు? పిచ్చివాడి బుద్ధిని ఎవరో తీసుకున్నారు. తాగినవాడు తన బుద్ధిని తానే తాకట్టు పెట్టాడు. అందుకే తాగిన మనిషి ఇచ్చిన తలాఖ్ చెల్లుతుందా లేదా అన్నదానిలో ధర్మశాస్త్రవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉన్నా, తన ఇష్టంతో తాగి ప్రాణం తీసినవాడు బాధ్యుడేనన్నది ఫుఖహాలో అత్యధికుల అభిప్రాయం.

అంటే ఒడ్డున గ్లాసు ఎత్తిన క్షణమే అసలు క్షణం. నది మధ్యలో ఏం జరిగిందన్నది తర్వాతి మాట. మద్యం గురించి దివ్యఖుర్ఆన్ ఆదేశాలు మెట్లు మెట్లుగా దిగాయని మనకు తెలుసు. మొదట అందులో లాభం కన్నా పాపం ఎక్కువని బఖర సూరా తెలిపింది. తర్వాత నిసా సూరా 43వ ఆయత్‌లో మత్తులో నమాజు దరిదాపులకు పోవద్దని ఆదేశం వచ్చింది. చివరికి మాయిదా సూరాలో పూర్తిగా నిషేధమైంది. ఆ మధ్య మెట్టు దగ్గర చెప్పిన కారణాన్ని గమనించండి. నోట ఏం పలుకుతున్నాడో తనకు తెలిసేదాకా మనిషి నమాజుకు రాకూడదు. నమాజులో నోరు తప్పితే ఎవరి ప్రాణమూ పోదు, ఎదుట ఉన్నవాడు క్షమాశీలుడు. అక్కడే పనికిరాని మనిషి పాతిక ప్రాణాలున్న పడవకు ఎలా పనికొస్తాడు?

కొందరు ఒక మాట అడుగుతారు: "హరామ్ తాగిన పాపం సరే. అది అతనికీ అల్లాహ్‌కూ మధ్య విషయం. ప్రయాణికులను క్షేమంగా దింపాడు కదా, వాళ్లకు అతను చేసిన అన్యాయం ఏముంది?" ఇది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. నా బుద్ధికి తోచిన జవాబు ఇది. మన ధర్మంలో గీబత్ పాపం. ఒక మనిషి వీపు వెనుక అతని లోపం చెప్పుకుంటాం. అతనికి ఆ సంగతి తెలియదు. ఒక్క పైసా నష్టం లేదు, నిద్ర కూడా చెడలేదు. అయినా అతని హక్కును మనం కాజేసినట్లే. పరువు అతనిది, అతని అనుమతి లేకుండా దాన్ని మనం నలుగురి ముందూ పరిచాం. తాగిన పడవవాడు చేసింది కూడా అదే జాతి పని. ప్రయాణికుల ప్రాణాలు అతనివి కావు. కిరాయి ఇచ్చి ఎక్కినవాళ్లు తమను జాగ్రత్తగా దాటించమని ఆ ప్రాణాలను అమానత్‌గా అతని చేతిలో పెట్టారు. ఎవరినీ అడక్కుండా అతను వాటిని జూదంలో ఒడ్డాడు. జూదంలో గెలిచాడు. గెలిచిన జూదగాడు అమానత్‌ను కాపాడినవాడు అవుతాడా? పరాయి సొమ్ము పందెంలో పెట్టి, పందెం గెలిచి, సొమ్ము యథాస్థానంలో పెట్టేసిన గుమాస్తాను ఏ దుకాణదారూ నిజాయితీపరుడు అనడు.

అలాగని ఫలితానికి విలువే లేదని కాదు. నిసా సూరా 92వ ఆయత్ పొరపాటున ప్రాణం తీసినవాడి గురించి మాట్లాడుతుంది. అతనికి చెడ్డ నియ్యత్ లేదు. అయినా మృతుని వారసులకు దియత్ చెల్లించాలి, ఒక బానిసకు స్వేచ్ఛ కలిగించాలి, ఆ స్తోమత లేకపోతే వరుసగా రెండు నెలలు ఉపవాసాలు పాటించాలి. అంటే చేతిలో లేని ఫలితానికి కూడా షరీయత్ కొంత లెక్క కడుతుంది. ఎందుకంటే అవతల ఒక ఇల్లు కూలింది. ఒక తల్లికి కొడుకు లేడు. చంపినవాడి మనసు ఎంత శుభ్రమో చూసి ఆ తల్లికి అన్నం దొరకదు. దియత్ ఆమె హక్కు. కాబట్టి ఇద్దరు పడవవాళ్ల మధ్య తేడా ఉంది, అది దాసుల హక్కుల పద్దులో ఉంది. అల్లాహ్‌కు చెల్లించవలసిన పద్దులో మాత్రం ఇద్దరూ ఒకే గీత దగ్గర ఉన్నారు. మా ఫుప్పా మొదటి పద్దు ఒక్కటే చూశారు.

ఇప్పుడు నీటి మీద జరిగిన ఒక పెద్ద ఉదంతం చెబుతాను. 1989 మార్చి 24 అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు అమెరికాలోని అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే నూనె ఓడ బ్లై రీఫ్ అనే రాతి దిబ్బను ఢీకొంది. ఓడ పొడవు దాదాపు 300 మీటర్లు. సుమారు 1 కోటి 10 లక్షల గ్యాలన్ల ముడి చమురు, అంటే 4 కోట్ల లీటర్ల పైచిలుకు సముద్రంలో కలిసింది. 2,000 కిలోమీటర్ల తీరం నల్లబడింది. లక్షలాది సముద్ర పక్షులు చనిపోయాయి. ఆ నీళ్లలో చేపలు పట్టి బతికే పల్లెల పొయ్యిలు ఆరిపోయాయి.

ఓడ కెప్టెన్ జోసెఫ్ హేజెల్‌వుడ్. ఓడ బయలుదేరే ముందు అతను రేవు పట్టణంలోని బార్లలో వోడ్కా తాగాడని సాక్షులు చెప్పారు. ఇరుకైన దారిలో మలుపు తిప్పవలసిన సమయానికి అతను పైన లేడు. ఓడను థర్డ్ మేట్‌కు అప్పగించి, కాగితాల పని ఉందని తన గదికి వెళ్లాడు. ప్రమాదం జరిగిన దాదాపు 11 గంటల తర్వాత తీసిన అతని రక్తంలో 0.061 శాతం మద్యం కనిపించింది. వాణిజ్య ఓడలు నడిపేవారికి అమెరికాలో హద్దు 0.04. మరో సంగతి. ఆ రోజుకు తాగి కారు నడిపిన కారణంగా అతని డ్రైవింగ్ లైసెన్సు రద్దులో ఉంది. కారు నడపకూడని మనిషి చేతిలో అంత ఓడ ఉంది.

కోర్టు ఏమంది? 1990లో జ్యూరీ అతన్ని తాగి ఓడ నడిపిన నేరం నుంచి విడుదల చేసింది. 11 గంటల తర్వాత తీసిన రక్తాన్ని బట్టి, అర్ధరాత్రి ఆ క్షణాన అతని బుద్ధి ఎలా ఉందో సందేహం లేకుండా రుజువు కాలేదు. ఓడలో అతనితో పనిచేసినవాళ్లు అతను తాగినట్లు కనిపించలేదన్నారు. నిర్లక్ష్యంగా చమురు ఒలకబోశాడన్న చిన్న నేరం మాత్రమే నిలబడింది. 50,000 డాలర్లు చెల్లించాలని, 1,000 గంటలు సమాజ సేవ చేయాలని తీర్పు వచ్చింది. కోస్ట్ గార్డ్ అతని లైసెన్సును 9 నెలలు నిలిపివేసింది. అతను 2022లో మరణించాడు.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. న్యాయస్థానం విడిచిపెట్టిన మనిషిని మనం కూర్చున్న చోట దోషి అని తీర్పు చెప్పడం మన ధర్మం కాదు. సందేహం ఉన్నచోట శిక్షను ఆపడమే ఇస్లామీ న్యాయం కూడా. నేను అడిగేది మరో ప్రశ్న. అర్ధరాత్రి ఆ క్షణాన అతని మత్తు దిగిపోయి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అది అతనికీ అల్లాహ్‌కూ తెలుసు. కానీ సాయంత్రం రేవులో కూర్చుని గ్లాసు ఎత్తినప్పుడు, మరికొద్ది గంటల్లో తాను ఎక్కబోయే ఓడలో ఏముందో అతనికి తెలుసు కదా? ప్రపంచ న్యాయస్థానం అర్ధరాత్రి గురించి విచారించింది. పరలోక న్యాయస్థానంలో సాయంత్రం గురించి కూడా విచారణ జరుగుతుంది. అక్కడ సాక్షులకు కొదవ ఉండదు, రక్తపరీక్షకు ఆలస్యమూ ఉండదు.

కెప్టెన్ ఒక్కడిదే తప్పా అంటే, కాదు. అతను 1985లో మద్యం మానిపించే చికిత్స చేయించుకున్నాడు. తర్వాత మళ్లీ తాగుతున్నాడని కంపెనీకి తెలుసునని న్యాయస్థానంలో తేలింది. తెలిసీ ఓడ ఇచ్చింది. థర్డ్ మేట్ విపరీతంగా అలసిపోయి ఉన్నాడని, అతని మీద పని భారం ఎక్కువైందని ప్రభుత్వ దర్యాప్తు సంస్థ రాసింది. అందుకే 1994లో జ్యూరీ కంపెనీ మీద 500 కోట్ల డాలర్ల శిక్షా పరిహారం వేసింది. 32,000 మందికి పైగా బాధితులు ఎదురుచూశారు. చివరికి 2008లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని 50 కోట్ల 75 లక్షల డాలర్లకు తగ్గించింది. అప్పటికి 19 ఏళ్లు గడిచాయి. ఎదురుచూసిన జాలర్లలో ఎంతోమంది ఈ లోకంలో లేరు.

అదే 1989లో, ఆగస్టు 20న లండన్‌లో థేమ్స్ నది మీద బౌబెల్ అనే ఇసుక ఓడ మార్షనెస్ అనే విహార పడవను ఢీకొంది. 51 మంది మునిగిపోయారు. బౌబెల్ కెప్టెన్ ముందురోజు మధ్యాహ్నం బీరు తాగాడని విచారణలో బయటపడింది. సరైన కాపలా పెట్టలేదన్న కేసులో అతన్ని రెండుసార్లు విచారించినా రెండు జ్యూరీలూ ఏ నిర్ణయానికీ రాలేకపోయాయి. వృత్తిగా ఓడలు నడిపేవారికి మద్యం హద్దు పెట్టే చట్టం బ్రిటన్‌లో 2003లో వచ్చింది. ప్రపంచమంతటా ఓడల అధికారులకు 0.05 శాతం హద్దు 2012 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఓడల మీద పనిచేసే మన కుర్రవాళ్లు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. చట్టాలు మునిగిన పడవల వెనుక నడుస్తూ వస్తాయి. దివ్యఖుర్ఆన్ ఆదేశం పడవ కదలకముందే రేవులో నిలబడి ఉంది.

నీటి మీద మత్తు నేల మీది మత్తు కన్నా తొందరగా పనిచేస్తుందని ఈ రంగంలో పనిచేసేవారు చెబుతారు. ఎండ, గాలి, ఇంజను మోత, అలల ఊపు, నీటి మీద మెరిసే వెలుగు ఇవన్నీ కలిసి తాగని మనిషినే అలసిపోయేలా చేస్తాయి. రోడ్డు మీద గీతలుంటాయి, బ్రేకులుంటాయి. నీటి మీద బ్రేకు లేదు. పడితే, ఈతకు కావలసిన ఊపిరిని కూడా మద్యం సరిగా పట్టనివ్వదు. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల్లో ప్రాణం తీసిన పడవ ప్రమాదాల తెలిసిన కారణాల్లో మొదటిది మద్యమేనని ఏటా వస్తూ ఉంటుంది.

ఇక పడవ ఎక్కినవాళ్ల సంగతి. మా రేవులో నవ్విన పాతిక మందికీ బాధ్యత లేదా? హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన బుఖారీ హదీసు ఎన్నోసార్లు విని ఉంటారు. ఓడలో పై అంతస్తు కొందరికి, కింది అంతస్తు కొందరికి చీటీల్లో వచ్చింది. కిందివాళ్లు నీళ్లకోసం పైకి రావలసి వచ్చేది. పైవాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని, తమ వాటాలోనే ఒక రంధ్రం చేసుకుందామనుకున్నారు. పైవాళ్లు ఊరుకుంటే అందరూ మునుగుతారు, చేయి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు. మనం ఈ హదీసును సమాజానికి పోలికగా చెప్పుకుంటాం, అది నిజమే. కానీ ఒక్కోసారి పోలిక లేకుండా ఉన్నదున్నట్లు కూడా అర్థం చేసుకోవాలి. పడవ పడవే, రంధ్రం రంధ్రమే. రంధ్రం చేసేవాళ్ల నియ్యత్ కూడా చెడ్డది కాదు, ఇతరులకు ఇబ్బంది కలగకూడదనే వాళ్లనుకున్నారు. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు తెలిసి ప్రయాణం చేసి మరణించినవాడి విషయంలో అల్లాహ్ రక్షణ బాధ్యత ఉండదని ముస్నద్ అహ్మద్‌లో హదీసు ఉంది. "తవక్కుల్ చేశాం" అని తాగినవాడి పడవ ఎక్కడం తవక్కుల్ కాదు. అబ్బా పిరికితనంతో కాలు వెనక్కి తీశారని అప్పట్లో నేనూ అనుకున్నాను, నిజం చెప్పాలంటే కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

పోయిన వేసవిలో డల్లాస్‌లో ఉండే మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. ఆఫీసు స్నేహితులు పన్నెండు మంది కలిసి సరస్సులో పడవ అద్దెకు తీసుకుంటున్నారట. కూలర్ నిండా బీరు ఉంటుందట. "బడే అబ్బా! నేను తాగను కదా, స్టీరింగ్ నేనే పట్టుకుంటానన్నాను. అలా అయితే వాళ్లు కూడా క్షేమంగా ఉంటారు. వెళ్లవచ్చా?" అని అడిగాడు.

వాడి నియ్యత్ మంచిదే. వెంటనే వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్కడి చట్టం ప్రకారం పడవలో కూర్చున్నవాళ్లు తాగితే నేరం కాదు, నడిపేవాడు తాగకుండా ఉంటే చాలు. వాడు అడిగింది చట్టం అనుమతించినదే. పైగా వాడు వెళ్లకపోతే తాగినవాడే స్టీరింగ్ పట్టుకోవచ్చు. ప్రాణాలు కాపాడటం చిన్న పుణ్యమా?

రెండు రోజులు ఆలోచించి చెప్పాను. మద్యం విషయంలో శాపానికి గురైనవారి జాబితా తిర్మిజీ హదీసులో ఉంది. అందులో తాగేవాడొక్కడే లేడు, మోసుకెళ్లేవాడు కూడా ఉన్నాడు. మద్యం తిరుగుతున్న దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దన్న ఆదేశమూ ఉంది. నువ్వు నడిపే పడవలో కూలర్ ఎక్కితే మోసేవాడివి నువ్వే అవుతావు. నువ్వు తాగకుండా నడుపుతావన్న ధీమాతోనే వాళ్లు మరింత తాగుతారు. కాబట్టి ముందే ఒప్పుకుని వెళ్లకు. కానీ ఎప్పుడైనా తెలియక ఎక్కి, నీటి మధ్యలో నడిపేవాడు తాగి ఉన్నాడని గ్రహిస్తే, అప్పుడు మాత్రం మొహమాటపడకు, తాళం లాక్కుని నువ్వే నడుపు. అప్పుడు నువ్వు మద్యం మోసేవాడివి కావు, రంధ్రం చేసే చేయి పట్టుకున్నవాడివి. ఈ రెండింటికీ తేడా ఉందని నేననుకుంటున్నాను. తప్పయితే ఉలమాలు సరిదిద్దాలి.

వాడు స్నేహితులతో కూలర్ ఒడ్డునే ఉంచితే వస్తానన్నాడట. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ముగ్గురూ ఒడ్డునే ఉండి తెడ్లతో నడిపే చిన్న పడవలు అద్దెకు తీసుకున్నారు. లైఫ్ జాకెట్లు వేసుకుని ఒడ్డు వెంబడే తిరిగారు, చెట్టు కింద జుహర్ చేసుకున్నాడు మావాడు. సాయంత్రానికి ఆ తొమ్మిది మందీ ఏ ఆపదా లేకుండా తిరిగొచ్చారు. "ఏం కాలేదు చూశావా, ఊరికే భయపడ్డావు" అని వాణ్ణి ఇంటికి వచ్చేదాకా ఆటపట్టించారట. ఫోన్‌లో గొంతు కొంచెం చిన్నబోయింది. అప్పుడు వాడికి వాళ్ల దాదా సంగతి, ఆ రేవు సంగతి, పాక అరుగు మీద దోమల సంగతి మొదటిసారి చెప్పాను.